మూలపడిన లారీకి అరువు చక్రాలు: పది గజాల ప్రయాణం వెనుక లెక్కలు

సూరత్: ఏళ్ల తరబడి షెడ్డు పక్కన ఇటుకల దొంతులపై నిలిచిపోయిన లారీని బాగుచేయించాలని యజమాని సంకల్పించినప్పుడు, మొదట ఎదురయ్యే ప్రశ్న ఇంజనుకు సంబంధించినది కాదు, గేరుబాక్సుకు సంబంధించినదీ కాదు. బండిని ఉన్నచోటు నుంచి మెకానిక్కు వద్దకు చేర్చడం ఎలా అన్నదే అసలు ప్రశ్న. టైర్లు కుళ్లిపోయి ఉంటాయి, లేదా చక్రాలే ఉండవు. బాగుపడుతుందో లేదో తెలియని బండికి ఆరు కొత్త టైర్లు కొనడం తెలివైన పని కాదు. చక్రాలు లేకుండా బండి అంగుళం కూడా కదలదు. ఈ చిక్కుముడికి దేశమంతటా మెకానిక్కులు అనుసరించే మార్గం ఒకటే: కదిలించడానికి మాత్రమే సరిపోయే చవక చక్రాలను తాత్కాలికంగా బిగించడం.

సూరత్ నగరంలో ఉధ్నా, పాండేసరా పారిశ్రామిక ప్రాంతాలకు చేరువలో ఉన్న బమ్రోలి వంటి చోట్ల ఈ సమస్య కొత్తది కాదు. మగ్గాల షెడ్ల నుంచి ముడి వస్త్రాన్ని అద్దకం మిల్లులకూ, అక్కడి నుంచి రింగ్ రోడ్డులోని వస్త్ర మార్కెట్లకూ చేరవేసేది టెంపోలూ లారీలే. తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చి సూరత్ మరమగ్గాల పరిశ్రమలో స్థిరపడిన నేత కుటుంబాల సంఖ్య తక్కువేమీ కాదు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడపడమే ఇందుకు నిదర్శనం. నేత పని నుంచి సరకు రవాణాకు మారి బండి కొనుక్కున్నవారికి ఆ బండి ఒక తరం సంపాదన. దానిని తుక్కుకు అమ్మడమా, తిరిగి నిలబెట్టడమా అన్న నిర్ణయం తీసుకోవాలన్నా ముందు బండిని వెలుగులోకి లాగి, కింద ఏముందో చూడాలి.

చక్రాలు ముందుగా ఎందుకు పోతాయి?

నిలిచిపోయిన బండిలో మొదట డబ్బుగా మారేవి బ్యాటరీ, టైర్లు. యజమానే తన మరో బండికి వాటిని మార్చుకుంటాడు, లేదా అమ్ముకుంటాడు. కాపలా లేని చోట దొంగలు ఆ పని చేస్తారు. టైర్లు బండికే ఉన్నా ఫలితం పెద్దగా మారదు. ఎండ, గాలిలోని ఓజోన్ రబ్బరును పెళుసుబారుస్తాయి. గాలి దిగిపోయిన టైరు పక్కగోడ రిమ్ముకూ నేలకూ మధ్య నలిగి, లోపలి దారాలు తెగుతాయి. నల్లరేగడి నేలలో నిలిచిన బండి అయితే ప్రతి వర్షాకాలంలోనూ కొంత కూరుకుపోతుంది. ఏడెనిమిదేళ్లు గడిచేసరికి పైకి టైరులా కనిపించేది గాలి పట్టగానే చీలిపోయే స్థితికి చేరుతుంది.

టైరు వయసు తెలుసుకోవడం సులభమే. పక్కగోడపై డీఓటీ అన్న అక్షరాలతో మొదలయ్యే సంకేతం చివరన నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారాన్ని, తర్వాతి రెండూ సంవత్సరాన్ని సూచిస్తాయి. 2314 అని ఉంటే అది 2014వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. మూడే అంకెలు ఉంటే అది 2000కు ముందు తయారైనది. దానిని బండికి బిగించే ఆలోచన మానుకోవడమే మేలు.

ఎంత దూరం అన్నదే తొలి లెక్క

తాత్కాలిక చక్రం ఎంత చవకగా దొరుకుతుందన్నది అది ఎంత దూరం తిరగాలన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ఆవరణలోనే ఒక మూల నుంచి మరో మూలకు జరపడం ఒక పని. రోడ్డు పక్క నిలిపిన ట్రెయిలరుపైకి ఎక్కించేందుకు పది గజాలు దొర్లించడం దాదాపు అటువంటిదే. మరో బండికి కట్టి ఐదారు కిలోమీటర్లు లాక్కెళ్లడం పూర్తిగా వేరు. మొదటి రెండు పనులకూ గాలి ఒక పూట నిలిస్తే చాలు. టైరు ఉపరితలం నున్నగా అరిగిపోయినా నష్టం లేదు. మూడో పనికి మాత్రం రోడ్డుపై తిరగడానికి చట్టం అనుమతించే టైర్లే కావాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ద్విచక్ర, త్రిచక్ర వాహనాలు మినహా మిగతావాటి టైర్లపై గాడుల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి.

కార్ల తయారీదారులు ఈ తర్కాన్ని ఎప్పుడో గ్రహించారు. అనేక కార్ల డిక్కీలలో ఉండే సన్నని స్టెప్నీ ఈ ఆలోచన ఫలితమే. దానిపై గంటకు 80 కిలోమీటర్లు మించవద్దన్న హెచ్చరిక ఉంటుంది. సన్నని టైరు ఆ బరువు మోయడానికి సాధారణ టైరుకు దాదాపు రెట్టింపుగా 60 పీఎస్‌ఐ గాలి పట్టిస్తారు. పంచరు షాపు వరకూ చేర్చడమే దాని బాధ్యత. లారీలకు అటువంటి ఏర్పాటు లేదు కాబట్టి పాత సామాన్ల బజారే దిక్కు.

రంధ్రాల లెక్క తప్పితే అంతా వృథా

పాత రిమ్ము కొనడానికి బయలుదేరే ముందు బండి హబ్బును కొలవాలి. బోల్టుల సంఖ్య సరిపోతే చాలుననుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. బోల్టుల కేంద్రాల గుండా గీసే ఊహా వృత్తం వ్యాసాన్ని పీసీడీ అంటారు. ఆ కొలత ఒక్క మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్లు తేడా ఉన్నా చక్రం సరిగ్గా కూర్చోదు. సరి సంఖ్యలో బోల్టులు ఉంటే ఎదురెదురు బోల్టుల కేంద్రాల మధ్య దూరమే పీసీడీ. 20 అంగుళాల రిమ్ములు వాడే పది బోల్టుల భారీ లారీలలో విస్తృతంగా ఉన్న కొలత 335 మిల్లీమీటర్లు. అందుకే వేర్వేరు కంపెనీల పెద్ద లారీల రిమ్ములు ఒకదానికొకటి సరిపోవడం తరచు కనిపిస్తుంది.

ఐదు బోల్టుల బండికి ఎదురు బోల్టు ఉండదు. పక్కపక్కనే ఉన్న రెండు బోల్టుల కేంద్రాల మధ్య దూరాన్ని కొలిచి 1.701తో హెచ్చవేయాలి. ఉదాహరణకు ఆ దూరం సుమారు 82.1 మిల్లీమీటర్లు ఉంటే పీసీడీ 139.7 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అంగుళాలు. ఇది పాత విల్లీస్ జీపు కొలత. మారుతి జిప్సీదీ ఇదే. కాబట్టి పాత జీపును కదిలించాలనుకునేవారికి జిప్సీ రిమ్ము అక్కరకు వచ్చే అవకాశం ఉంది. అయితే మధ్య రంధ్రం, నట్టు కూర్చునే వాలు, లోపలి వైపు ఖాళీ కూడా సరిచూసుకోవాలి. రిమ్ము బ్రేకు డ్రమ్మునో, స్టీరింగు కడ్డీనో తాకితే చక్రం బిగిసినా తిరగదు.

పాత జీపులలో మరో మెలిక ఉంది. విల్లీస్ జీపు ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది. సాధారణ నట్టును విప్పే దిశలో తిప్పితే అది మరింత బిగుస్తుంది. పాతకాలపు కొన్ని లారీలలోనూ ఇదే పద్ధతి. ఈ సంగతి తెలియక పైపు తొడిగి బలంగా తిప్పి బోల్టులు విరగ్గొట్టుకున్నవారు ఎందరో. తుప్పు పట్టిన నట్టును తిప్పే ముందు తీగ బ్రష్షుతో బోల్టు కొసను శుభ్రం చేసి మర ఏ దిశగా వాలుతున్నదో చూడటానికి అర నిమిషం పట్టదు.

టైరు కొలత విషయంలో అంత పట్టింపు అక్కర్లేదు. 9.00-20, 10.00-20 టైర్ల ఎత్తులో తేడా మూడు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. ముందు ఇరుసుకు ఒకటి, వెనుక ఇరుసుకు మరొకటి వాడినా ఆవరణలో జరపడానికి ఇబ్బంది లేదు. ఒకే ఇరుసుపై కుడి ఎడమలకు వేర్వేరు ఎత్తుల టైర్లు వేస్తే మాత్రం బండి ఒక పక్కకు లాగుతుంది. వెనుక ఇరుసులోని డిఫరెన్షియల్ నిరంతరం తిరుగుతూ ఉంటుంది. కొద్ది గజాలకు అది భరించదగినదే. రోడ్డెక్కే ఆలోచన ఉంటే కాదు.

ఆరు కాదు, నాలుగు చాలు

ఖర్చు తగ్గించే ఉపాయాలలో అన్నిటికంటే పెద్దది బజారులో లేదు, లెక్కలో ఉంది. ఆరు చక్రాల లారీ వెనుక ఇరుసుకు ఒక్కో పక్క రెండేసి చక్రాలు ఉండేది సరకు మోయడానికి. ఖాళీ బండి బరువు సుమారు 4 నుంచి 6 టన్నులు. బాడీ విప్పేసిన బండి అయితే అంతకంటే తక్కువ. 16 ప్లై 10.00ఆర్20 టైరు పక్కగోడపై సాధారణంగా కనిపించే భార సూచిక 146. ఒంటరి చక్రంగా 3,000 కిలోలు మోయగలదని దీని అర్థం. పాతబడిన టైరు సామర్థ్యాన్ని సగానికి తగ్గించి చూసుకున్నా నాలుగు చక్రాలు ఖాళీ బండిని మోస్తాయి. అంటే వెనుక ఒక్కో పక్క ఒక్కొక్కటి చాలు. రెండు రిమ్ములు, రెండు టైర్ల ఖర్చు ఆదా అయినట్టే.

ఇక్కడ ఒక్క జాగ్రత్త అవసరం. రెండు రిమ్ముల మందానికి తగినట్లు అమర్చిన పొడవాటి బోల్టులపై ఒక్క రిమ్ము తొడిగినప్పుడు నట్టు మర చివర వరకూ పోయి, అక్కడ ఆగి, బిగిసినట్టు అనిపించవచ్చు. రిమ్ము మాత్రం వదులుగానే ఉంటుంది. బిగించాక గడ్డపారతో ఒకసారి కదిపి చూస్తే నిజం తెలుస్తుంది.

ధర వెనుక తర్కం

సూరత్‌లో భంగార్ అని పిలిచే పాత ఇనుప సామాన్ల దుకాణాల్లోనైనా, విజయవాడలో 1966లో వెలిసిన ఆటోనగర్‌లోనైనా, ఢిల్లీ మాయాపురిలోనైనా, చెన్నై పుదుపేటలోనైనా పాత రిమ్ము ధరకు అడుగు ఒకటి ఉంటుంది. అది ఇనుము బరువు. లారీ రిమ్ము సుమారు 40 కిలోలు తూగుతుంది. ఆ రోజు తుక్కు ఇనుము ధరకు దిగువన ఏ దుకాణదారూ అమ్మడు, అమ్మితే కరిగించే కొలిమికే అమ్ముకుంటాడు. పని పూర్తయ్యాక కొన్నవాడు కూడా దానిని ఇంచుమించు ఆ ధరకు తిరిగి అమ్ముకోవచ్చు. కాబట్టి తాత్కాలిక రిమ్ముకు అయ్యే అసలు ఖర్చు కొన్న ధర కాదు, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య ఉన్న తేడా మాత్రమే. తిరిగి తీసుకుంటామన్న మాట ముందే తీసుకొని కొనడం తెలిసినవారు చేసే పని.

టైర్ల సంగతి ఇంత సూటిగా ఉండదు. గుండు టైరు కదా, దాదాపు ఊరికే వస్తుందనుకుంటే పొరపాటే. దారాలు గట్టిగా ఉన్న గుండు టైరుకు రీబటన్ చేసేవారి వద్ద మంచి గిరాకీ ఉంది. పైన కొత్త రబ్బరు పొర అంటిస్తే అది మళ్లీ వేల కిలోమీటర్లు తిరుగుతుంది. ట్రాక్టరు ట్రాలీల యజమానులూ పాత లారీ టైర్ల కోసం పోటీ పడతారు. నిజంగా చవకగా దొరికేవి రీబటన్ వారు తిరస్కరించిన టైర్లు. పక్కగోడ కోసుకుపోయినవి, పూస దెబ్బతిన్నవి, లోపల పొరలు ఊడినవి ఈ కోవలోకి వస్తాయి. వీటి గమ్యం టైర్లను వేడిచేసి నూనె తీసే కర్మాగారాలు. వాడేసిన టైర్ల పునర్వినియోగ బాధ్యతను తయారీదారులపై, దిగుమతిదారులపై మోపుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2022 జులైలో నిబంధనలు తెచ్చాక ఈ తుక్కుకు కూడా పద్ధతి ప్రకారం లెక్కలు మొదలయ్యాయి.

తిరస్కరించిన టైర్లన్నీ ఒక్కటి కావు. పై రబ్బరు చెక్కుకుపోయినా పక్కగోడ నిండుగా ఉన్న టైరు ఆవరణలో జరపడానికి పనికివస్తుంది. పక్కగోడలో ఉబ్బు ఉన్న టైరు, తీగ బయటపడిన టైరు ఎంత చవకైనా, ఊరికే ఇచ్చినా ముట్టుకోకూడదు. అది ఎప్పుడు పేలుతుందో చెప్పగలవారు లేరు.

మరో దారి అరువు. ఒకే రకం బండి ఉన్న మిత్రుడి వద్ద స్టెప్నీ, పరిచయమున్న గ్యారేజీలో ఒకటి రెండు చక్రాలు దొరికితే ఖర్చు టీ డబ్బులతో సరి. రవాణా వృత్తిలో ఉన్నవారి మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం చాలా సహజం. తీసుకున్నవి ఆ వారంలోనే తిరిగి చేరితేనే ఆ సహజత్వం నిలుస్తుందన్నది వేరే చెప్పనక్కర్లేదు.

ఉంగరం రూపంలో ప్రమాదం

పాత లారీ రిమ్ము ఒకే ముక్క కాదు. ట్యూబు టైరు వాడే 20 అంగుళాల రిమ్ముకు ఒక పక్క అంచు విడిగా ఉంటుంది. టైరు, ట్యూబు, ఫ్లాప్ ఎక్కించాక ఆ అంచును రింగుతో బంధిస్తారు. టైరులో గాలి నిండుతున్న కొద్దీ రింగు తన గాడిలో బిగుసుకుంటుంది. గాడి తుప్పు పట్టి ఉన్నా, రింగు వంగి ఉన్నా, వేరే రకం రిమ్ము రింగును దీనికి తగిలించినా అది సగంలో తప్పుకొని బయటకు దూసుకువస్తుంది. 100 పీఎస్‌ఐ గాలి ఉన్న లారీ టైరు పక్కగోడపై పడే బలం పదుల టన్నుల స్థాయిలో ఉంటుంది. ఎదుట మనిషి ఉంటే ఆ దెబ్బకు తప్పించుకోవడం అసాధ్యం.

తాత్కాలిక చక్రాల వ్యవహారంలో ప్రాణాల మీదకు తెచ్చేది ఇదే. ఎందుకంటే ఇక్కడ వాడేవి ఏళ్ల తరబడి తుక్కు కుప్పలో పడి ఉన్న రిమ్ములు, వేర్వేరు బండ్ల నుంచి ఏరుకొచ్చిన రింగులు. అమెరికా కార్మిక భద్రతా విభాగం 1980లోనే ఇటువంటి రిమ్ములపై ప్రత్యేక నిబంధనలు విధించింది. ఇనుప పంజరంలో ఉంచి గాలి కొట్టాలని, వేర్వేరు రకాల భాగాలను కలపరాదని, కొట్టేవాడు రింగు ఎదుట నిలబడరాదని ఆ నిబంధనల సారాంశం. గాలి బాగా తగ్గిన స్థితిలో తిరిగిన చక్రాన్ని విప్పే ముందు వాల్వు పిన్ను తీసి ఉన్న కొద్దిపాటి గాలినీ పూర్తిగా వదలాలని కూడా అవి చెబుతున్నాయి.

బండి కింద ఉన్న చక్రానికే పైపు తగిలించి గాలి కొట్టి చూద్దామన్న ఆత్రుత చాలామందికి కలుగుతుంది. ఏళ్ల పాటు గాలి లేకుండా బరువు మోసిన చక్రానికి అలా చేయడం అత్యంత ప్రమాదకరం. విప్పి, రిమ్ము గాడిని తీగ బ్రష్షుతో గీకి, పగుళ్లు లేవని చూసి, అనుభవమున్న టైరు షాపులో పంజరంలో పెట్టించి కొట్టించడానికి అయ్యే కూలి నాలుగు చక్రాలకు కలిపినా పెద్ద మొత్తం కాదు. గొలుసులు చుట్టి కొట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఏమీ లేకపోవడం కంటే అది మెరుగే అయినా పంజరానికి సాటి రాదు. ఖాళీ బండిని మెల్లగా దొర్లించడానికి పూర్తి గాలి అవసరం కూడా ఉండదు. ఆ బరువుకు టైరు తయారీదారు సూచించే మేరకు నింపితే చాలు.

ఇటుకల మీది నుంచి నేల మీదికి

చక్రాలు సిద్ధమయ్యాక మిగిలేది బిగించడం. బండి ఇటుకలపై ఉందంటే ఇన్నేళ్లు అది అదృష్టంపై ఆధారపడి నిలిచిందన్నమాట. ఇటుక వంగదు, హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా పగిలిపోతుంది. జాకీ ఎత్తగానే బరువు పక్కకు జరిగి దొంతి కూలిన సందర్భాలు మెకానిక్కులకు కొత్త కాదు. జాకీ కింద మందపాటి చెక్క దిమ్మె, చాసిస్ కింద అడ్డంగా నిలువుగా పేర్చిన దిమ్మెలు, ఎత్తని వైపు ముందూ వెనుకా అడ్డురాళ్లు ఉండాలి. కేవలం జాకీపై నిలిచిన బండి కింద శరీరంలోని ఏ భాగమూ ఉండకూడదు. హైడ్రా క్రేన్ అద్దెకు తెచ్చుకోగలిగితే ఈ పని అరగంటలో ముగుస్తుంది. సన్నని సందుల్లో ఉన్న షెడ్ల మధ్యకు క్రేన్ పోలేకపోవడమే అసలు ఇబ్బంది.

చక్రాలు ఎక్కాక కూడా బండి కదలకపోవచ్చు. బ్రేకు లైనర్లు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుని ఉంటాయి. గాలి బ్రేకుల బండ్లలో ట్యాంకులో గాలి లేకపోతే స్ప్రింగు బ్రేకులు పట్టేసి ఉంటాయి. వాటిని విడిపించే బోల్టు ఉంటుంది, దానిని ఉపయోగించే ముందు చక్రాలకు అడ్డురాళ్లు పెట్టడం మరువకూడదు. బ్రేకులు విడిపించిన బండిని ఆపేందుకు ఇక ఆ రాళ్లే ఆధారం.

ఎంత బలంతో లాగాలన్నది కూడా అంచనా వేసుకోవచ్చు. గట్టి కాంక్రీటు నేలపై గాలి ఉన్న చక్రాలు దొర్లడానికి బండి బరువులో దాదాపు నూరో వంతు బలం చాలు. నాలుగు టన్నుల బండికి అది 40 కిలోల బరువుకు సమానం, అంటే నలుగురు మనుషులు నెట్టగలరు. నేల యాభై అడుగులకు ఒక అడుగు వాలి ఉంటే మరో 80 కిలోలు కలుస్తుంది. బురదలో, ఇసుకలో ఇది పది ఇరవై రెట్లకు పెరుగుతుంది. జూన్ చివరి నుంచి సూరత్‌లో కురిసే వానలకు నల్లరేగడి నేల జిగురుగా మారుతుంది. మే నెలలో నలుగురు నెట్టే బండిని ఆగస్టులో కదిలించడానికి క్రేన్ కావలసి వస్తుంది. ఎండాకాలంలోనే పని ముగించుకోమని చెప్పేది అందుకే. చక్రాల ముందు పాత ఇనుప రేకులు, పలకలు పరిస్తే కొంత ఉపశమనం ఉంటుంది.

రోడ్డెక్కితే చట్టం

ఆవరణ గేటు దాటిన క్షణం నుంచి వ్యవహారం మారుతుంది. రిజిస్ట్రేషన్ గడువు తీరిన వాహనాన్ని బహిరంగ రహదారిపై నడిపితే మోటారు వాహనాల చట్టం 192వ సెక్షన్ ప్రకారం తొలిసారి 5,000 రూపాయల వరకూ జరిమానా ఉంటుంది. బీమా లేకపోతే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయలు. జరిమానాల కంటే పెద్ద ముప్పు, బీమా లేని బండి వల్ల ఎవరికైనా గాయమైతే ఆ పరిహారం మొత్తం యజమాని మెడకు చుట్టుకోవడం.

చెడిపోయిన బండిని మరమ్మతు కేంద్రానికి లాక్కెళ్లడానికి డ్రైవింగ్ నిబంధనలు అవకాశమిస్తున్నాయి. లాగే బండికీ లాగబడే బండికీ మధ్య ఐదు మీటర్లకు మించి దూరం ఉండకూడదు. వెనుక బండి స్టీరింగు వద్ద లైసెన్సు ఉన్న వ్యక్తి కూర్చోవాలి, లేదా దాని ముందు చక్రాలు క్రేనుకు ఆని నేల నుంచి పైకి ఉండాలి. ఇంజను ఆగిన బండికి బ్రేకుల బలం, స్టీరింగు సాయం ఉండవని గుర్తుంచుకుంటే తాడు కంటే గట్టి కడ్డీయే ఎందుకు మేలో అర్థమవుతుంది. వెనుక చక్రాలు నేలపై తిరుగుతూ పోవాలంటే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాలి. చాలా గేరుబాక్సులలో ఇంజను తిరిగితేనే లోపల నూనె చిమ్ముతుంది. విప్పకుండా లాగితే, బాగుచేయడానికి తీసుకెళ్తున్న బండికి దారిలోనే మరో మరమ్మతు తయారవుతుంది.

ఇన్ని చిక్కులున్నందున గేటు బయట ట్రెయిలరును నిలిపి, తాత్కాలిక చక్రాలను అక్కడి వరకే వాడుకోవడం మంచిదని చెప్పవచ్చు. సొంతూరికి తీసుకెళ్లి అక్కడ బాగుచేయించుకుందామనుకునే తెలుగు కుటుంబాలకైతే వేరే మార్గమే లేదు. సూరత్ నుంచి హైదరాబాద్‌కు తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా దూరం. తర్వాత ఆ బండిని తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో తిప్పాలంటే గుజరాత్ రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. కొత్త రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. పన్ను బకాయిలు, చలాన్లు ఉంటే నిరభ్యంతర పత్రం రాదు. ట్రెయిలరుకు బయానా ఇచ్చే ముందు ఈ కాగితాలు చూసుకోకపోవడం చాలామంది చేసే తప్పిదం.

నిలబెట్టడమా, తుక్కుకు ఇవ్వడమా

బండిని బయటకు లాగాక చాసిస్ తుప్పు పట్టి పొరలుగా ఊడుతున్నట్టు కనిపిస్తే నిర్ణయం తనంత తానే జరిగిపోతుంది. జాతీయ వాహన తుక్కు విధానాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2021 ఆగస్టు 13న గుజరాత్‌లో జరిగిన పెట్టుబడిదారుల సదస్సులోనే ఆవిష్కరించారు. దాని కింద నమోదైన తుక్కు కేంద్రానికి బండిని అప్పగిస్తే డిపాజిట్ ధ్రువపత్రం ఇస్తారు. దానిని చూపి కొత్త రవాణా వాహనం కొంటే మోటారు వాహన పన్నులో 15 శాతం వరకూ, సొంత వాహనానికైతే 25 శాతం వరకూ రాయితీ ఇచ్చేందుకు రాష్ట్రాలకు వీలు కల్పించారు. టాటా మోటార్స్ తన రీవైర్ తుక్కు కేంద్రాలలో మూడోదాన్ని 2023 సెప్టెంబరులో సూరత్‌లోనే ప్రారంభించింది. ఏడాదికి 15,000 వాహనాలను విడదీయగల సామర్థ్యం దానిది. 15 ఏళ్లు దాటిన రవాణా వాహనాల సామర్థ్య పరీక్ష రుసుములు 2022 ఏప్రిల్ నుంచి గణనీయంగా పెరగడం కూడా యజమానులను ఈ వైపు నడిపిస్తోంది.

వారసత్వ వాహనంగా నమోదు చేయించుకుంటే పోదా అన్న ప్రశ్న అభిమానుల నుంచి వస్తుంటుంది. 2021 జులైలో వచ్చిన నిబంధనలు యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాలకు పదేళ్ల ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇస్తున్నాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. అయితే అవి సొంత వినియోగంలోని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఉద్దేశించినవి. పాత జీపుకు ఆ తలుపు తెరుచుకోవచ్చు. ఆరు చక్రాల సరకు లారీకి తెరుచుకోదు. జర్మనీ సంస్థ డైమ్లర్ బెంజ్ సహకారంతో 1954 నుంచి జంషెడ్‌పూర్‌లో తయారైన తొలితరం టాటా లారీ అయినా సరే, నేటి నిబంధనల ముందు అది ఒక పాత సరకు వాహనం మాత్రమే. ఈ విషయంలో లారీకి అన్యాయమే జరిగింది. దేశంలో రోడ్లున్న ప్రతి ఊరికీ సరకు చేర్చినవి ఆ లారీలే.

బాగుచేయించాలన్న నిర్ణయానికే వస్తే, గ్యారేజీ చేరిన రోజునే తాత్కాలిక చక్రాలపై సుద్దతోనో రంగుతోనో గుర్తు పెట్టడం అవసరం. మరమ్మతు నెలల తరబడి సాగుతుంది, పనివారు మారతారు, ఇంజను మొదటిసారి పలికిన ఉత్సాహంలో ఎవరో ఒకరు బండిని అవే చక్రాలతో రోడ్డుపైకి తిప్పుతారు. పరీక్షగా నడపాల్సిన రోజుకు ముందే వాటిని విప్పించి, రిమ్ములను దుకాణదారుకూ, అరువు తెచ్చినవాటిని వాటి యజమానికీ చేర్చి, బండిని మళ్లీ దిమ్మెలపైనే నిలబెట్టి ఉంచే మెకానిక్కులు ఉన్నారు. ఈసారి ఆ దిమ్మెలు చెక్కవి.